సెక్రటరీ రిపోర్ట్ 2024 – ఇంగ్లండ్‌లోని బెర్క్‌షైర్ కౌంటీలో మన తెలుగు సంఘం

అందరికీ నమస్కారం. జనరల్ బాడీలో చదవాలి కాబట్టి రాస్తున్నా, చదివేటప్పుడు సగం మంది పకోడీల దగ్గరే ఉంటారు కాబట్టి గ్రూపులో కూడా పెడుతున్నా. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్ళీ రాయను.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి బాగానే జరిగాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఊర్నుంచి తెప్పించి దాచిన లోయర్ ఎర్లీ అత్తయ్య గారికి, తంగేడు ఇక్కడ దొరకదని పెరట్లో చామంతులన్నీ కోసిచ్చిన షిన్‌ఫీల్డ్ అక్కలకి, ప్రతిసారీ కుర్చీలు మోసే ఆ నలుగురు కుర్రాళ్ళకి (మీరెవరో అందరికీ తెలుసు) చాలా చాలా థాంక్స్.

ఈ ఏడాది గొప్పగా చెప్పుకోవాల్సింది మాత్రం జూన్ 8న పెట్టిన మ్యాప్ సాయంత్రం. పండక్కి వచ్చినంత మంది రాలేదు గానీ వచ్చినవాళ్ళు ఇప్పటికీ దాని గురించే మాట్లాడుతున్నారు.

సంగతేంటంటే మే 22న ఇక్కడి పార్లమెంట్ ఎలక్షన్ ప్రకటించారు, జూలై 4 పోలింగ్, ఓటరుగా రిజిస్టర్ అవడానికి జూన్ 18 ఆఖరు. ఈసారి నియోజకవర్గాల హద్దులే మారిపోయాయి. బెర్క్‌షైర్‌లో ఇదివరకు 8 సీట్లు, ఇప్పుడు 9. రెడింగ్ ఈస్ట్, రెడింగ్ వెస్ట్ పోయి రెడింగ్ సెంట్రల్, రెడింగ్ వెస్ట్ అండ్ మిడ్ బెర్క్‌షైర్, ఎర్లీ అండ్ వుడ్లీ వచ్చాయి. విండ్సర్ సీటైతే కౌంటీ దాటి పక్కనున్న సర్రే కౌంటీలోని వర్జీనియా వాటర్ దాకా వెళ్ళిపోయింది. ఎందుకంటే 2020 చట్టం ప్రకారం దీవుల్లాంటి కొన్ని తప్ప ప్రతి సీటులోనూ 69,724 నుంచి 77,062 మధ్యే ఓటర్లుండాలి, కౌంటీ గీత కన్నా ఆ లెక్కే ముఖ్యం.

దీనికి తోడు మే 2నే కౌన్సిల్ ఎన్నికలు, వోకింగ్‌హామ్‌లో వార్డుల గీతలు కూడా కొత్తవి. షిన్‌ఫీల్డ్‌లో ఉండేవాళ్ళు కౌన్సిల్ టాక్స్ కట్టేది వోకింగ్‌హామ్‌కి, పార్లమెంట్‌కి ఓటేసేది ఎర్లీ అండ్ వుడ్లీలో, ఎవరైనా అడిగితే చెప్పేది రెడింగ్‌లో ఉంటామని. ఇంక కన్ఫ్యూజ్ అవక ఏం చేస్తారు.

అందుకని ఏ3 కాగితాలు అతికించి హాలు గోడంతా మ్యాప్ చేశాం, పాత హద్దులు నీలం స్కెచ్‌తో, కొత్తవి ఎర్రగా. ఎవరిల్లు ఎక్కడో చూపించడానికి స్టిక్కర్లు తెద్దామనుకుని మర్చిపోతే ఒక ఆంటీ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బొట్టుబిళ్ళల అట్ట తీశారు. అంతే, గంటలో లోయర్ ఎర్లీ మీద కాగితమే కనపడలేదు! ఒక జంటయితే మనది వోకింగ్‌హామ్ సీటే అని ఆయన, కాదు మారిందని ఆవిడ, ఆయన ఫోన్లో కౌన్సిల్ టాక్స్ బిల్లు తీసి మరీ వాదించారు, చివరికి పోస్ట్‌కోడ్ కొట్టి చూస్తే ఆవిడే కరెక్ట్.

ఎక్కువ మందికి తెలియని విషయం ఇంకోటుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద, వీసా మీద ఉన్నవాళ్ళు కూడా కామన్వెల్త్ పౌరులు కాబట్టి ఇక్కడ పార్లమెంట్‌కి ఓటెయ్యొచ్చు. వీసా రెన్యూవల్‌కి అడ్డమొస్తుందేమో అని భయపడేవాళ్ళకి ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది. పోలింగ్ బూత్‌లో ఇండియన్ పాస్‌పోర్ట్ చెల్లుతుంది, ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ చెల్లదు, ఆధార్ అసలే చెల్లదు (అడిగారు, నవ్వకండి).

నా బాధ ఒక్కటే. మన దగ్గర డీలిమిటేషన్ అంటే జనాభా లెక్క, 1971 లెక్కల మీద సీట్లు ఆపేశారని అందరం గంటలు గంటలు వాదిస్తాం. ఇక్కడ లెక్కేసేది జనాభా కాదు, ఓటర్ల రిజిస్టర్‌లో ఉన్న పేర్లు. ఇప్పటి గీతలన్నీ 2020 మార్చి 2 నాటి రిజిస్టర్ మీద గీసినవే. ఆ రోజుకి పేరు లేనివాళ్ళు ఆ లెక్కలోనే లేరు. అందుకే ఇంట్లో ఓటర్ల పేర్లు సరిచూసుకోమని ఏటా కౌన్సిల్ నుంచి వచ్చే ఆ ఉత్తరాన్ని చూడకుండా రీసైక్లింగ్ డబ్బాలో పడెయ్యకండి బాబూ.

వాలంటీర్ల గురించి చెప్పక తప్పదు. లిస్టులో చాలా పేర్లున్నాయి, గోడకి టేపు వేసేటప్పుడు మాత్రం మా ఇంటివాళ్ళు, ట్రెజరర్ గారి ఇంటివాళ్ళే. మే 13న ఏపీలో ఓటేసి వస్తామని వెళ్ళినవాళ్ళు మామిడిపళ్ళు అయిపోయేదాకా రాలేదు. అక్కడ ఓటుకి అంత ఖర్చు పెట్టుకుని వెళ్ళారు, సంతోషమే, ఇక్కడ పోలింగ్ బూత్ నడిచి వెళ్ళే దూరం కదా. పోస్టర్లు పంపమని ఒక ఆఫీసుకి మెయిల్ మీద మెయిల్ పెట్టాం, పోలింగ్ అయ్యాక మీ ఆసక్తికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది.

సంఘానికి పార్టీ లేదు, ఎవరు గెలిచినా మనకొకటే, కానీ ఎర్లీ అండ్ వుడ్లీలో లేబర్ పార్టీ యువాన్ యాంగ్ గారు గెలిచింది 848 ఓట్లతో. చైనాలో పుట్టి ఇక్కడ ఎంపీ అయిన మొదటి వ్యక్తి ఆవిడే. 848 అంటే మన ఊళ్ళల్లో ఒక పెద్ద పెళ్ళికొచ్చే జనం. నా ఒక్క ఓటుతో ఏమవుతుంది అన్నవాళ్ళ పేర్లు ఇక్కడ రాయట్లేదు. వోకింగ్‌హామ్‌లో 1987 నుంచి ఎంపీగా ఉన్న జాన్ రెడ్‌వుడ్ గారు ఈసారి నిలబడలేదు, ఆ సీటు లిబరల్ డెమోక్రాట్ పార్టీకి వెళ్ళింది.

లెక్కలు ట్రెజరర్ గారు షీట్‌లో పెట్టారు, ఆడిట్ అయింది, హాలు అద్దె పెరగడం వల్ల దీపావళి కొంచెం లోటు, చందాతో సరిపోయింది. డౌట్లుంటే ఆయన్నే అడగండి.

నియోజకవర్గాల హద్దుల మీద తర్వాతి రివ్యూ రిపోర్ట్ 2031 అక్టోబర్ లోపు ఇవ్వాలి, దానికి రిజిస్టర్ అంతకు రెండు మూడేళ్ళ ముందుదే తీసుకుంటారు. అందుకని ప్రతి ఉగాదికి ఒక రిజిస్ట్రేషన్ టేబుల్ పెట్టాలని కమిటీ తీర్మానం, మీటింగ్‌లో ఓటుకి వస్తుంది. జాయింట్ సెక్రటరీ, కల్చరల్ పోస్టులు రెండూ ఖాళీ, పేర్లు నాకు పంపండి. మ్యాప్ రోజు హాల్లోంచి సంఘం ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఎవరో తీసుకెళ్ళారు, మీటింగ్‌కి వచ్చేటప్పుడు పట్టుకురండి.

ఇట్లు,
మీ సెక్రటరీ