కుప్పం వచ్చేశాం, దారి చూపించిన మీ అందరికీ కృతజ్ఞతలు

బెంగళూరు వదిలేసి బాబుతో ఏదైనా ప్రశాంతంగా ఉండే చిన్న ఊరికి వెళ్దామనుకుంటున్నాను, ఎక్కడైతే బాగుంటుంది అని అడిగితే ఇంతమంది ఇంత ఓపిగ్గా చెప్తారని నేను అనుకోలేదు. మేం కుప్పం వచ్చేశాం. సామాన్లు సర్దుకోవడం అయిపోయింది, మావాడు స్కూలుకి వెళ్తున్నాడు. కాస్త ఊపిరి తీసుకోగానే ముందు మీకే రాస్తున్నాను.

అప్పుడు చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. ఇంట్లో నేనూ వాడూ ఇద్దరమే. వాడు మూడో తరగతి, ఆయాసం ఉంది, రోజూ ఇన్‌హేలర్ వాడాలి. మారతహళ్ళిలో మా ఇల్లు రోడ్డు పక్కనే కావడంతో కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉక్క, రాత్రి లారీల మోతకి వాడు ఉలిక్కిపడి లేచేవాడు. నా పని చాలావరకు ఇంటి నుంచే, కానీ నెలలో కొన్ని రోజులు ఆఫీసుకి వెళ్ళక తప్పదు. మా అమ్మావాళ్ళది శ్రీకాకుళం జిల్లా, అక్కడి నుంచి ఆ రాకపోకలు అయ్యే పని కాదు. అందుకే బెంగళూరుకి దగ్గరగా ఉండే మన ఊళ్ళే అడిగాను.

మదనపల్లె గురించి రాసిన అక్కకి ప్రత్యేకంగా థాంక్స్. ఆమె చెప్పింది చదివి నిజంగా మనసు అటే లాగింది. 1919లో టాగూరు జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది అక్కడి బీటీ కాలేజీలోనే, గాలి మంచిదని వందేళ్ళ క్రితమే క్షయ రోగుల కోసం ఆ పక్కనే ఆరోగ్యవరంలో శానిటోరియం కట్టారు, మా వాడి ఆయాసానికి అంతకంటే ఏం కావాలి అనిపించింది. కానీ మావాడికి బస్సు పడదు, కాసేపటికే వాంతులు. మదనపల్లె రోడ్ స్టేషను ఊరికి దూరంగా సీటీఎం అనే ఊరి దగ్గర ఉందని, అది పాకాల ధర్మవరం లైనని, ఆఫీసు రోజున ఆ రైలుని నమ్ముకుంటే కష్టమని కూడా ఆ అక్కే చెప్పింది. తన సొంత ఊరే అయినా నాకు కుదరదేమో అని చెప్పడం అందరికీ చేతకాదు. పలమనేరు చల్లగా బాగుంటుంది, అక్కడ రైలే లేదు. హిందూపురానికి రైలుంది, కానీ నేను వెతుక్కునేదానికి ఆ ఊరు పెద్దదైపోయింది.

కుప్పం రైలు సంగతి రైల్వేలో పనిచేసి రిటైరైన అంకుల్ చెప్పారు. చెన్నై లైనులో బంగారుపేట దాటాక కామసముద్రం, బిసానత్తం, గుడుపల్లె, ఆ తర్వాత కుప్పం. బెంగళూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు. ఏ ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది, ఏది ఆగకుండా పోతుంది, పొద్దున ఏ బండి పట్టుకోవాలి, అన్నీ వివరంగా రాసిచ్చారు. కృష్ణరాజపురంలో దిగితే నా ఆఫీసు దగ్గరే, సిటీ దాకా పోనక్కర్లేదు. ఆ ఒక్క మాటతో నా సగం టెన్షన్ తీరిపోయింది.

ఇక కుప్పం మాస్టారు గారు. ఆయనకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నేను సంక్రాంతి తర్వాత వచ్చి చూస్తానంటే, చల్లగా ఉన్నప్పుడు ఏ ఊరైనా బాగానే ఉంటుందమ్మా, ఏప్రిల్లో రండి అన్నారు. బోర్లు ఎక్కడ ఎండిపోతాయో, ఏ వీధిలో ట్యాంకర్ కోసం కాచుక్కూర్చుంటారో అప్పుడే తెలుస్తుందని. అలాగే ఏప్రిల్లోనే వెళ్ళాను, ఇల్లు చూసిన ప్రతిచోటా గోడల రంగు సంగతి తర్వాత, ముందు నీళ్ళు ఎన్నింటికి వస్తాయని అడిగాను. మేలో గంగమ్మ జాతరకి మైకులు, డప్పులు, జనం బాగా ఉంటారని, నిశ్శబ్దం కావాలనుకునేవాళ్ళు అది తెలిసే రావాలని కూడా ఆయనే చెప్పారు. ఆ మాత్రం సందడి మాకు ఇష్టమే, రోజూ హారన్లు వినడం వేరు.

ఒక ఇల్లు మాత్రం చూడగానే నచ్చేసింది. పెద్ద వరండా, వెనక కొబ్బరిచెట్లు, అద్దె కూడా తక్కువ. అడ్వాన్స్ మాట్లాడుతుంటే పక్కింటి పెద్దమ్మ నన్ను గేటు దగ్గరికి పిలిచి మెల్లిగా, "ఈ ఇల్లు వద్దులేమ్మా, ఎనక పురుగుల షెడ్డు ఉండాది, బిడ్డకి ఆయాసం అంటా ఉండావు కదా" అంది. వెళ్ళి చూస్తే గోడ అవతలే పట్టుపురుగుల షెడ్డు, దాని పక్కనే మల్బరీ తోట. పట్టుపురుగుల పెంపకంలో రేగే ధూళి కొందరికి ఆయాసం తెప్పిస్తుందని తర్వాత మా పిల్లల డాక్టరు కూడా చెప్పారు. ఆ పెద్దమ్మకి నేనెవరో తెలియదు, ఇంటి ఓనరు ఆమెకి రోజూ ఎదురుపడే మనిషి. అయినా నా బిడ్డ కోసం చెప్పింది. గ్రానైట్ కోసే ఫ్యాక్టరీల వైపు పోవద్దని, ఖాళీ జాగాలో వయ్యారిభామ కలుపు దట్టంగా పెరిగిన చోట తీసుకోవద్దని మీలో ఇంకొందరు చెప్పారు. ఆ జాగ్రత్తలన్నీ చూసుకునే ఇప్పుడున్న ఇల్లు తీసుకున్నాం. చిన్న ఇల్లే, వీధి చివర, ముందు వేపచెట్టు.

ఊరు మారినంత మాత్రాన ఆయాసం పోతుందని నమ్మకండి, మందు ఆపకండి అని గట్టిగా చెప్పిన పిల్లల డాక్టరు గారికి కూడా రుణపడి ఉంటాను. రోజూ వాడే కంట్రోలర్ ఇన్‌హేలర్ అలాగే స్పేసర్‌తో, అంటే మందు పీల్చడానికి తగిలించే గొట్టంతో, వాడుతున్నాం. అర్ధరాత్రి ఏదైనా అయితే పీఈఎస్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఊరిలోనే ఉందన్న ధైర్యం మాత్రం పెద్దది. ఇంత చిన్న ఊళ్ళో అది దొరకడం మా అదృష్టం.

స్కూలు విషయంలో సాయం చేసిన టీచరమ్మకి దండం పెట్టాలి. టీసీ ఒక్కటే తెస్తే సరిపోదు, పాత స్కూలువాళ్ళు యూడైస్‌లో, అంటే స్కూలు పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, బాబు పేరుని డ్రాప్‌బాక్స్ అనే జాబితాలోకి పంపాలి, అప్పుడే కొత్త స్కూలువాళ్ళు పెన్ అనే వాడి శాశ్వత విద్యార్థి నంబరుతో తమవైపు తీసుకోగలరు అని ఆమె చెప్పకపోతే నేను జూన్ అంతా రెండు ఊళ్ళ మధ్య తిరుగుతూ ఉండేదాన్ని. బెంగళూరులో కన్నడం నేర్చుకున్న మావాడికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ అక్షరాలు రావు. సాయంత్రం పూట ఆమె వాణ్ణి కూర్చోబెట్టి గుణింతాలు రాయిస్తోంది, డబ్బులిస్తానంటే కోప్పడింది. ఇక్కడి పిల్లలు తెలుగూ తమిళమూ కన్నడమూ కలిపి మాట్లాడేస్తుంటారు కాబట్టి వాడి కన్నడం కూడా వృథా పోలేదు, ఆటల్లో అందరికీ వాడే మధ్యవర్తి.

రాత్రిళ్ళు వాడు తెల్లారేదాకా పడుకుంటున్నాడు. వర్షాలు మొదలయ్యాక, చలికాలంలో ఎలా ఉంటుందో చూడాలి, అప్పుడు మళ్ళీ రాస్తాను. ఇంకెవరైనా పిల్లలతో ఇటువైపు రావాలనుకుంటుంటే ఇళ్ళ సంగతి, నీళ్ళ సంగతి, పొద్దుటి రైళ్ళ సంగతి నన్ను అడగండి, వీలుంటే ఏప్రిల్, మే నెలల్లోనే వచ్చి చూసుకోండి. మా ఇంట్లో ఒక గది ఉంది, ఆడవాళ్ళు పిల్లలతో వస్తే ఒకట్రెండు రోజులు మాతోనే ఉండొచ్చు.