“కడగనవసరం లేదు” అన్న మాటను సీసా మీద నుంచి తొలగించండి

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ మైసెల్లార్ వాటర్ (మేకప్‌ను తుడిచేసే ద్రవం) సీసా మీద ఉన్న తప్పుదోవ పట్టించే సూచనల గురించి ఫిర్యాదు.

నమస్కారం. నేను మేకప్ ఆర్టిస్టును. వేసిన మేకప్‌ను రాత్రి పడుకునే ముందు ఎలా తీసేసుకోవాలో చెప్పి పంపడం కూడా నా పనిలో భాగమే. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను.

మీ సీసా ముందు వైపు “ఒక్కసారి తుడిస్తే చాలు, వాటర్‌ప్రూఫ్ మస్కారా కూడా మాయం, కడగనవసరం లేదు” అని పెద్ద అక్షరాలతో ఉంది. ఈ రెండు మాటలూ నిజం కావు.

ముందు మస్కారా సంగతి. వాటర్‌ప్రూఫ్ మస్కారాలో మైనాలు, నీటిని దగ్గరికి రానివ్వని పొరను ఏర్పరిచే పదార్థాలు ఉంటాయి. అది నీళ్లకు లొంగకూడదనే తయారైన వస్తువు. దాన్ని కరిగించడానికి నూనె కావాలి. మీ సీసాలో ఉన్నది ప్రధానంగా నీళ్లు, అందులో కొద్దిపాటి సర్ఫాక్టెంట్లు, అంటే జిడ్డును వదిలించే సబ్బులాంటి పదార్థాలు. ప్యాడ్‌తో ఒకసారి తుడిస్తే నలుపు కంటి కింద బూడిదరంగు చారలా పాకింది. రెప్పవెంట్రుకల మొదళ్లలో ఉన్నది అక్కడే ఉండిపోయింది. మీ మాట నమ్మినవాళ్లు అప్పుడేం చేస్తారు? ఇంకా గట్టిగా రుద్దుతారు. ఒంట్లో అన్నిటికంటే పలుచని చర్మం కనురెప్పలది. ఆ రుద్దుడుకు అది ఎర్రబడుతుంది, వెంట్రుకలు ఊడి ప్యాడ్‌కు అంటుకుంటాయి.

ఇక కడగనవసరం లేదన్న మాట. నాకు అసలు కోపం తెప్పించింది ఇదే. మైసెల్స్ అంటే సర్ఫాక్టెంట్ అణువుల గుంపులు. వాటి లోపలి భాగం జిడ్డును, రంగును పట్టుకుంటుంది, బయటి భాగం నీటితో కలుస్తుంది. ప్యాడ్ కొంత తీసుకుపోతుంది, మిగిలినది ముఖం మీదే ఆరిపోతుంది. జిడ్డు గిన్నెకు సబ్బు రుద్ది, కడగకుండా ఎవరైనా బోర్లిస్తారా? ప్యాడ్ తెల్లగా వచ్చేదాకా మీ ద్రవంతోనే తుడిచాను. ఆ తర్వాత ఫేస్ వాష్‌తో కడుక్కుని తెల్ల తువాలుతో అద్దుకుంటే, ముక్కు పక్కల నుంచి, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి ఫౌండేషన్ మరక తువాలుకు అంటింది. కడగకుండా పడుకున్న రాత్రుల తర్వాత చెంపలు బిగుసుకుపోయి, చురచురలాడాయి.

మీ సేవా విభాగానికి ఫోను చేస్తే, “మీ చర్మం సున్నితమైనది అయి ఉండవచ్చు” అన్నారు. అదే సీసా మీద “సున్నితమైన చర్మానికి ప్రత్యేకం” అని మీరే అచ్చు వేశారు కదా!

ద్రవం పనికిరాదని నేను అనడం లేదు. పలుచని ఫౌండేషన్‌నూ మామూలు లిప్‌స్టిక్‌నూ అది బాగానే తీస్తుంది. తప్పంతా సీసా మీది రాతలోనే ఉంది. పొద్దంతా పనిచేసి అలసిపోయి అద్దం ముందు నిలబడే మనిషికి “కడగనవసరం లేదు” అన్న మాట ఎంత తీయగా వినిపిస్తుందో మీకు బాగా తెలుసు. తెలిసే రాశారు.

కాబట్టి ఆ రెండు వాక్యాలనూ తొలగించండి. వాటర్‌ప్రూఫ్ మేకప్‌కు ముందుగా నూనె ఉన్న రిమూవర్‌ గానీ చర్మానికి తగిలితే నూనెలా కరిగే క్లెన్సింగ్ బామ్‌ గానీ వాడాలనీ, తడిపిన ప్యాడ్‌ను మూసిన కంటి మీద కొన్ని సెకన్లు అలాగే ఉంచి, రుద్దకుండా కిందికి తుడవాలనీ, చివరికి ముఖం కడుక్కోవాలనీ స్పష్టంగా రాయండి. కాంటాక్ట్ లెన్సులు ముందే తీసేయాలన్న హెచ్చరిక కూడా ఎక్కడా లేదు, దాన్ని చేర్చండి. సువాసన కోసం కలిపిన పదార్థాల పేర్లు ధర స్టిక్కర్ కిందికి వెళ్లిపోతున్నాయి. కళ్ల దగ్గర వాడే వస్తువు విషయంలో ఇది క్షమించరానిది.

నేను చెల్లించిన సొమ్ము తిరిగి ఇప్పించండి. రాత ఎప్పటిలోగా మారుస్తారో రెండు వారాల్లో లిఖితపూర్వకంగా తెలియజేయండి. జవాబు రాకపోతే వినియోగదారుల వ్యవహారాల అధికారులకు ఫిర్యాదు చేస్తాను. బిల్లు, సీసాకు రెండు వైపులా తీసిన ఫోటోలు, తువాలు ఫోటో జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారు