నా నోటు పుస్తకం ఆరబెట్టినవారికి

దసరా సెలవుల తరువాత మొదటి పనిదినం. కాకినాడలో మా క్యాంపస్ గేటు దగ్గరికి వచ్చేసరికి వాన దంచేసింది. బండి దిగి షెడ్డులోకి పరిగెత్తిన హడావుడిలో సంచిలోంచి నోటు పుస్తకం జారిపోయిందని లంచ్ టైముకి గానీ తెలియలేదు.

అది మామూలు పుస్తకం కాదండీ. ధవళేశ్వరం దిగువన తూర్పు డెల్టా కాలువల వెంట తిరిగి, సార్వా నాట్లప్పటి నుంచి రాసుకున్న నీటి మట్టాలు అందులో ఉన్నాయి. మళ్లీ కొలుద్దామంటే ఆ రోజుల నీళ్లు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి! ఆ మధ్యాహ్నం నాకు అన్నం దిగలేదు.

సాయంత్రం సెక్యూరిటీ బల్ల మీద కనిపించింది. ఆకు ఆకుకీ మధ్య పాత పేపరు ముక్క, పైన బరువుకి ఇటుక. ఎవరిచ్చారంటే "ఎవరో పెట్టి వెళ్లారండీ" అన్నారు. పెన్నుతో రాసిన నాలుగు పేజీలు అలుక్కుపోయాయి. పెన్సిలు అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. పెన్సిలుతోనే రాయమని మా గైడ్ గారు మొత్తుకుంటూనే ఉన్నారు, అది వేరే సంగతి.

ఎవరో గానీ, అంత ఓపిగ్గా ఒక్కో పేజీ విడదీసిన మీ చేతులకు దండం. చాలా థాంక్సండీ. మీరు పెట్టిన పేపర్లలో సగం నింపిన పదవినోదం ఒకటుంది, దాచి ఉంచాను. క్యాంటీన్‌కి తెస్తాను, టీ నాది. నిలువు ఏడు మాత్రం తప్పు రాశారు.