పాత కార్ల పర్యటన ప్రణాళికలో లోపాలపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
మెల్‌బోర్న్.

విషయం: గత ఏప్రిల్‌లో మా క్లబ్బు తొమ్మిది పాత కార్లతో విక్టోరియా, సౌత్ ఆస్ట్రేలియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లో చేసిన పదమూడు రోజుల పర్యటన - మీ ప్రణాళికలోని లోపాలు - పరిహారం కోరుతూ.

ఆర్యా,

మా పాత కార్ల క్లబ్బుకు పర్యటనల కార్యదర్శిగా, ఆ పర్యటనలో పాల్గొన్న పద్దెనిమిది మంది సభ్యుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. మన మధ్య చర్చలన్నీ తెలుగులోనే జరిగాయి. మా దారిని నిర్ణయించిన మీ హైదరాబాదు కార్యాలయంలోని ప్రణాళికా విభాగం వారు కూడా దీన్ని స్వయంగా చదవాలన్నది నా కోరిక. అందుకే తెలుగులో రాసి, ఇంగ్లీషు ప్రతిని, రసీదులను, మన ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్ళను దీనితో జతచేస్తున్నాను.

మా సభ్యుల్లో తెలుగువారు నాలుగు కుటుంబాలే. మీ సంస్థకు ఈ పని అప్పగించమని మిగిలినవారికి చెప్పి ఒప్పించింది నేనే. ఆ బాధ్యత నాకుంది కాబట్టే, పర్యటన ముగిసిన వెంటనే కోపంలో రాయకుండా, ప్రతి కాగితాన్నీ మళ్ళీ చదివి, ఎక్కడ ఏం జరిగిందో సరిచూసుకుని ఇప్పుడు రాస్తున్నాను.

మీకు డబ్బు కట్టే ముందే, గత నవంబరులో, నేను ఆరు పేజీల వివరపత్రం పంపాను. తొమ్మిది కార్లలో ఏది ఏ సంవత్సరానిది, దాని ఇంజన్ ఎంత, బ్రేకులు ఎలాంటివి, ఏ పెట్రోల్ పడుతుంది, ఎంత వేగంతో ఎంతసేపు నడపవచ్చు అన్న వివరాలన్నీ అందులో ఉన్నాయి. నా కారు 1958 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. మన దేశంలో అంబాసిడర్ ఈ కారు నుంచే పుట్టింది. కాకినాడలో మా నాన్నగారికి అంబాసిడర్ ఉండేది. వేసవిలో పెట్రోల్ ఆవిరై బండి ఆగిపోతే ఆయన బానెట్ ఎత్తి, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు నీడన అరగంట ఓపికగా కూర్చునేవారు. ఇలాంటి బండి ప్రయాణానికి ఆ అరగంట కూడా లెక్కలోకి రావాలి. ఈ సంగతి మీ ప్రణాళికా విభాగానికి తెలియకపోవడం తప్పు కాదు. తెలియజేశాక కూడా పట్టించుకోకపోవడమే మా ఫిర్యాదు.

ఆ వివరపత్రంలో మేము కోరినవి గొంతెమ్మ కోర్కెలేమీ కావు. రోజుకు 250 కిలోమీటర్లు మించకూడదని, తప్పనిసరై మించిన రోజున ఉదయం ఎనిమిదికే బయలుదేరాలని, సూర్యాస్తమయానికి గంట ముందే బస చేరాలని, తారు లేని రోడ్డు మీదికి కార్లను తీసుకెళ్ళకూడదని, వెంట ట్రైలర్‌తో ఒక సహాయక వాహనం ఉండాలని అడిగాము. ఇవన్నీ అంగీకరిస్తున్నట్టు డిసెంబరులో మీ ఈమెయిల్ వచ్చింది. సహాయక వాహనం కోసం కారుకు 640 డాలర్ల చొప్పున విడిగా తీసుకున్నారు.

జనవరిలో వచ్చిన మొదటి ప్రణాళికలో అడిలైడ్ నుంచి బ్రోకెన్ హిల్‌కు, అంటే 500 కిలోమీటర్లకు పైగా, ఒకే రోజులో చేరాలని ఉంది. నేను అభ్యంతరం చెప్పాక మధ్యలో బర్రాలో ఒక రాత్రి బస చేర్చారు. ఆ మార్పు వల్ల పాత రాగి గనుల ఊరైన బర్రాను మా వాళ్ళు తీరిగ్గా చూశారు. అందుకు కృతజ్ఞతలు. అయితే అడిగితే సరిదిద్దగలిగిన మీరు మిగిలిన చోట్ల ఎందుకు సరిదిద్దలేదన్న ప్రశ్న కూడా ఆ ఒక్క మార్పు నుంచే పుడుతోంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పు బ్రోకెన్ హిల్ నుంచి మిల్డూరాకు వెళ్ళిన రోజున జరిగింది. ఆ దూరం దాదాపు 300 కిలోమీటర్లు. ఉదయం దగ్గర్లోని పాత గనుల ఊరు సిల్వర్టన్ చూసి, బ్రోకెన్ హిల్‌లో భోజనం చేసి, మధ్యాహ్నం రెండింటికి బయలుదేరి, సాయంత్రం ఐదున్నరకు మిల్డూరా చేరాలని మీ ప్రణాళికలో ఉంది. బ్రోకెన్ హిల్ న్యూ సౌత్ వేల్స్‌లో ఉన్నప్పటికీ అక్కడి గడియారాలు సౌత్ ఆస్ట్రేలియా కాలమానాన్ని పాటిస్తాయి. ఆ ఊరి గనులకు మొదటి రైలుదారి అటువైపు నుంచే వచ్చింది కనుక ఆ అలవాటు నేటికీ నిలిచింది. అందువల్ల బ్రోకెన్ హిల్‌లో రెండు గంటలైతే మిల్డూరాలో అప్పటికే రెండున్నర. మీ లెక్కలో ఆ అరగంట లేదు. మూడున్నర గంటల ప్రయాణమన్న మీ అంచనా కూడా గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కొత్త కారుదే. మా బళ్ళు గంటకు 75 కిలోమీటర్లకు మించకుండా, మధ్యలో రెండుసార్లు ఇంజన్ చల్లారబెట్టుకుంటూ వెళ్తే ఐదు గంటలు పడుతుంది. ఏప్రిల్ మధ్యలో మిల్డూరాలో ఆరు గంటలు దాటగానే సూర్యుడు అస్తమిస్తాడు. మేము చేరేసరికి ఏడున్నర దాటింది.

బయలుదేరే ముందే సిల్వర్టన్ మానేసి త్వరగా వెళ్తామని మీ ప్రతినిధికి ఫోన్ చేశాను. బ్రోకెన్ హిల్ భోజనాలకు ముందే డబ్బు కట్టామని, ప్రణాళిక మారిస్తే మిల్డూరా గదులకు పూచీ ఉండదని ఆయన చెప్పారు. పద్దెనిమిది మందికి రాత్రి బస లేకుండా పోతుందన్న భయంతో నేను ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడుతున్నాను.

చీకటి పడ్డాక సిల్వర్ సిటీ హైవే మీద ఆ చివరి గంట ఎలా గడిచిందో మీకు తెలియాలి. కంగారూలు ఎక్కువగా సంధ్యవేళల్లో, చీకట్లో మేతకు రోడ్డు పక్కకు వస్తాయి. అందుకే స్థానికులు కూడా ఆ సమయంలో బళ్ళు తీయడానికి వెనకాడతారు. మా బృందంలో అన్నిటికన్నా పాతది ఆస్ట్రేలియాలో తయారైన 48-215 మోడల్ హోల్డెన్ కారు. 1948 నవంబరు 29న ఫిషర్మన్స్ బెండ్‌లో నాటి ఆస్ట్రేలియా ప్రధాని బెన్ చిఫ్లీ లోకానికి చూపించిన తొలి హోల్డెన్ అదే. మా సభ్యుడి బండిని వాళ్ళ నాన్నగారు 1951లో కొత్తగా కొన్నారు. ఆ బండికి ఆరు వోల్టుల బ్యాటరీ, మసక వెలుతురు లైట్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు ఉంటాయి. సీటుబెల్టు తరువాత బిగించుకున్నదే, ఎయిర్‌బ్యాగ్ లేనే లేదు. డెబ్బై నాలుగేళ్ళ ఆ సభ్యుడి ముందుకు ఒక్కసారిగా కంగారూ దూకింది. ఆయన బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు లాగేసి రోడ్డు దిగి మట్టిలో ఆగింది. ఆయనకు, ఆయన భార్యకు దెబ్బలు తగలలేదు. వెనక వస్తున్న నేను దిగి పరుగెత్తి వెళ్ళేసరికి ఆవిడ చేతులు వణుకుతున్నాయి, మాట రావడం లేదు. ఆ పది నిమిషాలకు పరిహారం ఎంతని నేను లెక్కకట్టలేదు, కట్టను కూడా.

ఆ సమయంలో మా వెంట ఉండాల్సిన సహాయక వాహనం లేదు. ఆ రోజే కాదు, పదమూడు రోజుల్లో ఒక్కరోజు కూడా రాలేదు. బయలుదేరే రోజు ఉదయం ఒక కార్డు చేతికిచ్చి, అవసరమైతే దాని మీది నంబరుకు ఫోన్ చేయమన్నారు. బర్రా దాటాక బ్రోకెన్ హిల్ వరకు, అక్కడి నుంచి మిల్డూరా దగ్గరి వెంట్‌వర్త్ వరకు చాలాచోట్ల మొబైల్ సిగ్నలే అందదు. డబ్బు తీసుకున్నది ట్రైలర్ ఉన్న వాహనానికి, ఇచ్చింది ఫోన్ నంబరు. దీన్ని పొరపాటు అనడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

మంగో నేషనల్ పార్కు సంగతి ఇంకా బాధాకరం. ఆ పార్కు ఉన్న విల్లాండ్రా సరస్సుల ప్రాంతం 1981 నుంచి ప్రపంచ వారసత్వ ప్రదేశం. ఎండిపోయిన మంగో సరస్సు ఒడ్డున 1968లో మంగో మహిళ, 1974లో మంగో పురుషుడు అని పిలిచే మానవ అవశేషాలు బయటపడ్డాయి. అవి దాదాపు 42,000 ఏళ్ళ నాటివి. పాకంజీ, ముత్తి ముత్తి, న్గియాంపా జాతుల వారికి అది పూర్వీకుల నేల. నడకదారి దాటి అక్కడి ఇసుకదిబ్బల మీదికి గైడు వెంట లేకుండా వెళ్ళకూడదు. మా సభ్యుల్లో సగం మంది ఈ పర్యటనకు పేరిచ్చింది ఆ ఒక్క రోజు కోసమే. మిల్డూరా నుంచి దాదాపు 110 కిలోమీటర్లున్న ఆ దారిలో ఎక్కువ భాగం తారు లేని మట్టిరోడ్డు, వాన పడితే మూసేస్తారు. ఈ అనుమానం నాకు ముందే ఉండి ఫిబ్రవరిలో రాతపూర్వకంగా అడిగాను. "పూర్తిగా తారు రోడ్డే, కార్లకు ఇబ్బంది లేదు" అని మీ ప్రణాళికా విభాగం జవాబిచ్చింది. ఆ ఈమెయిల్ నకలు జతలో ఉంది.

ఆ ఉదయం తారు ఎక్కడ ఆగిపోయిందో అక్కడే మేము ఆగి ఉండాల్సింది. ముందుకు పోతే మళ్ళీ తారు వస్తుందేమో, ఇది మరమ్మతు కోసం తవ్విన భాగమేమో అనుకుని, మీ మాట మీద నమ్మకంతో, పన్నెండు కిలోమీటర్లు నెమ్మదిగా వెళ్ళాము. రేకు మీది ముడతల్లా వరసగా ఉన్న ఆ గతుకుల మీద ప్రతి బోల్టూ అదిరింది. నా మోరిస్ సైలెన్సర్ బిగింపు విరిగి గొట్టం నేలకు రాసుకుంది, ముందురాత్రి రోడ్డు దిగిన ఆ హోల్డెన్ రేడియేటర్ అతుకు విడిపోయి నీరంతా కారిపోయింది. అందరం వెనక్కి తిరిగాము. హోల్డెన్‌ను టో ట్రక్కు మీద మిల్డూరాకు చేర్చాము. మాకోసం ఎదురుచూస్తున్న గైడును మేము కలవలేకపోయాము. మిల్డూరా నుంచి మినీబస్సు పెట్టి ఉంటే ఏ కారూ దెబ్బతినకుండా అందరం మంగో చూసి వచ్చేవాళ్ళం. ఆ సలహా కూడా నా ఫిబ్రవరి ఈమెయిల్‌లోనే ఉంది.

పెట్రోల్ విషయంలోనూ ఇదే జరిగింది. బృందంలోని జాగ్వార్‌కు, మరో రెండు కార్లకు 98 ఆక్టేన్ పెట్రోల్ కావాలని రాశాము. ఈ దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2002తోనే పోయింది కనుక, సీసానికి బదులుగా పెట్రోల్‌లో కలిపే ద్రవాన్ని మేమే తెచ్చుకున్నాము. ప్రతి మజిలీలోనూ 98 దొరుకుతుందని మీ ప్రణాళిక చెప్పింది. బర్రా దాటాక మేము ఆగిన చిన్న ఊళ్ళ పంపుల్లో 91 ఆక్టేన్ పెట్రోల్, డీజిల్ తప్ప మరొకటి కనిపించలేదు. ముందే చెప్పి ఉంటే డబ్బాల్లో నింపుకునేవాళ్ళం. పైగా న్యూ సౌత్ వేల్స్ భాగానికి మీరు వేసిన ఖర్చు అంచనా అంతా ఇథనాల్ కలిపిన ఇ-10 పెట్రోల్ ధర మీద వేసింది. ఇథనాల్ పాత కార్ల రబ్బరు హోస్ పైపులను, కార్బురేటర్ గాస్కెట్లను మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది. ఆ పెట్రోల్ మా కార్లలో పోయకూడదని వివరపత్రం మూడో పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

బర్డ్‌వుడ్‌లోని నేషనల్ మోటార్ మ్యూజియం దగ్గర మా కార్ల క్లబ్బుకు మీరు కేటాయించిన సమయం నలభై అయిదు నిమిషాలు. పాత పిండిమిల్లులో 1964లో మొదలైన ఆ మ్యూజియం మాలాంటి వాళ్ళకు పుణ్యక్షేత్రంతో సమానం. అదే రోజు అడిలైడ్‌లో షాపింగుకు మూడు గంటలు ఇచ్చారు. ఎవరి కోసం ఈ పర్యటన తయారుచేస్తున్నారో మీరు ఒక్కసారైనా ఆలోచించలేదని నాకు అర్థమైంది ఇక్కడే.

విశ్రాంతి దినం అని మేము అడిగిన రోజున కూడా కార్లతో ఊరు చూసే కార్యక్రమం పెట్టారు. విక్టోరియాలో మా కార్లలో చాలావాటికి ఉన్నది క్లబ్ పర్మిట్. దాని కింద ఏడాదికి 45 లేదా 90 రోజులే బండి తీయవచ్చు, తీసిన ప్రతి రోజునూ లాగ్‌బుక్‌లో రాయాలి. అనవసరంగా తీయించిన ఒక్క రోజు కూడా మాకు నష్టమే.

న్యాయంగా చెప్పాలంటే బ్రోకెన్ హిల్‌లో మీరు కుదిర్చిన బస చాలా బాగుంది. కార్లకు తాళం వేసిన ఆవరణ, చేతులు కడుక్కోవడానికి కుళాయి, ఉదయం ఆరింటికే కాఫీ దొరికాయి. హాల్స్ గ్యాప్‌లోనూ లోటు లేదు. ఆ రెండు చోట్ల సిబ్బందికి మా ధన్యవాదాలు తెలియజేయండి.

ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం, సేవను తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో అందించాలి. వినియోగదారుడు ముందుగా తెలిపిన ప్రయోజనానికి అది పనికిరావాలి. మా ప్రయోజనమేమిటో మేము ఆరు పేజీల్లో తెలిపాము. కాబట్టి ఈ కింది మొత్తాలను వాపసు కోరుతున్నాము: రాని సహాయక వాహనానికి తొమ్మిది కార్ల తరఫున కట్టిన 5,760 డాలర్లు, మంగో గైడ్ కోసం మనిషికి 95 చొప్పున పద్దెనిమిది మంది కట్టిన 1,710 డాలర్లు, రెండు కార్ల మరమ్మతుకు 1,090 డాలర్లు, టో ట్రక్కుకు 420 డాలర్లు, మొత్తం 8,980 డాలర్లు. మా హోల్డెన్ సభ్యుడికి, ఆయన భార్యకు మీ సంస్థ విడిగా, పేరుపెట్టి, క్షమాపణ లేఖ రాయాలి. ఇది డబ్బు కన్నా ముందు జరగాలని మా సభ్యులందరి కోరిక.

హోల్డెన్ సంస్థ ఎలిజబెత్ కర్మాగారాన్ని 2017 అక్టోబరు 20న మూసేసింది, ఇప్పుడు ఆ బ్రాండు కూడా లేదు. ఆ కారు రేడియేటర్‌ను అతికించడానికి పాత పనితెలిసిన మెకానిక్‌ను వెతికి పట్టుకోవడానికే పది రోజులు పట్టింది. మీ దృష్టిలో ఇది 780 డాలర్ల బిల్లు కావచ్చు. ఆయనకు అది తండ్రి నడిపిన బండి.

ఈ లేఖ అందిన 21 రోజుల్లోగా రాతపూర్వకమైన జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఫోన్‌లో మాట్లాడటానికి మేము సిద్ధంగా లేము. గడువులోగా పరిష్కారం కాకపోతే కన్స్యూమర్ అఫైర్స్ విక్టోరియాను, ఆపైన అవసరమైతే విక్టోరియా సివిల్ అండ్ అడ్మినిస్ట్రేటివ్ ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలని క్లబ్బు కార్యవర్గం తీర్మానించింది.

సెప్టెంబరులో మా సభ్యులు పదకొండు మంది సొంత ఖర్చుతో మళ్ళీ మిల్డూరా వెళ్ళి, అక్కడి నుంచి మినీబస్సులో మంగోకు వెళ్తున్నారు. ఆ హోల్డెన్ దంపతులు కూడా వస్తున్నారు. మీ జవాబు మేము బయలుదేరేలోపే వారికి అందేలా చూడగలరు.

ఇట్లు,
భవదీయుడు,
పర్యటనల కార్యదర్శి
(క్లబ్బు కార్యవర్గం తరఫున)

జతపరచినవి: వివరపత్రం, ఈమెయిళ్ళ నకళ్ళు, మరమ్మతు, టో ట్రక్కు రసీదులు, ఇంగ్లీషు ప్రతి.