పన్నెండు మందిమి వెళ్లాం, పన్నెండు మందిమీ దిగి వచ్చాం: మీ ఫలితాల పట్టికపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

నమస్కారం. ఇదే విషయం మీద ఇంగ్లిషులో ఐదు ఉత్తరాలు రాశాను. ఒక్కదాన్నయినా చదివి రాసిన జవాబు రాలేదు. మీ విభాగం హైదరాబాదు నుంచి పనిచేస్తున్నదని పోయిన వారం ఫోనులో తెలిసింది. నేను పుట్టి పెరిగింది ఖమ్మంలో. ఇంగ్లండులోని వెస్ట్ యార్క్‌షైర్‌లో స్థిరపడి, ఇక్కడి ఒక పరుగుల క్లబ్బుకు కార్యదర్శిగా ఉన్నాను. నా కోపం నా భాషలోనైనా మీకు చేరుతుందేమోనని ఈ ఆరో ఉత్తరం తెలుగులో రాస్తున్నాను.

ఫిబ్రవరిలో జరిగిన రోడ్డు పరుగు పందెంలో మా క్లబ్బు నుంచి పన్నెండు మందిమి పాల్గొన్నాం. పేర్ల నమోదు, సమయాల లెక్క మీ కంపెనీవే. మా సభ్యురాలు ఒకరు పందెం పూర్తి చేశారు. మీ పట్టిక మాత్రం ఆమె పూర్తి చేయలేదంటున్నది. పరుగెత్తేవారి సమయం నమోదు చేసే చిప్పు పని చేయలేదా, ముగింపు గీత దగ్గర ఆ చిప్పును గుర్తించడానికి పరిచిన మ్యాట్ పని చేయలేదా, తడిసిన కోటు అడ్డం వచ్చిందా అన్నది నాకు అనవసరం. గాలివానలో యంత్రం తప్పితే అర్థం చేసుకోగలను. ఆ తర్వాత ఐదు వారాల పాటు మీరు మాతో నడుచుకున్న తీరును అర్థం చేసుకోలేకపోతున్నాను.

ఆ చోటు మీకు తెలిసే అవకాశం లేదు కాబట్టి చెబుతాను. మైథమ్‌రాయిడ్ అనే ఊరి నుంచి క్రాగ్ వేల్ మీదుగా బ్లాక్‌స్టోన్ ఎడ్జ్ దాకా ఎక్కే రోడ్డు అది. ఐదున్నర మైళ్లలో 968 అడుగులు ఎక్కుతుంది. ఎక్కడా పల్లం తగలకుండా ఇంత దూరం ఎక్కే రోడ్డు ఇంగ్లండులో మరొకటి లేదని ఇక్కడివాళ్లు గర్వంగా చెబుతారు. 2014లో టూర్ డి ఫ్రాన్స్ సైకిళ్లు ఈ దారినే వెళ్లాయి. సగం దాటాక ఇళ్లు పలచబడతాయి, తర్వాత చెట్లు కూడా ఉండవు. పైన ఉన్నదంతా మూర్‌లాండ్: నీళ్లు పీల్చుకున్న నల్లటి పీట్ నేల, పాలిపోయిన గడ్డి, హీథర్ పొదలు, ఒక జలాశయం. గాలికి అడ్డం నిలిచేది ఏదీ లేదు. అక్కడ కురిసిన వాన ఈ లోయలోకే దిగుతుంది. 2015లో క్రిస్మస్ మర్నాడు, మళ్లీ 2020 ఫిబ్రవరిలో ఈ ఊరు మునిగింది. వరద ముంచుకొస్తే జనాన్ని లేపడానికి ఇక్కడ సైరన్లు ఉన్నాయి. పైన ఉరిమితే కింద తలుపులు చూసుకునే ఊరు ఇది.

పందెం నాడు గాలి గురించి వాతావరణ శాఖ పసుపు హెచ్చరిక ఇచ్చింది. పై సగంలో వడగళ్లు ముఖాన సూదుల్లా గుచ్చాయి. గాలి పక్కనుంచి తోస్తుంటే రోడ్డుకు ఎడమ అంచున మొదలుపెట్టిన అడుగు కుడి అంచున పడుతున్నది. ముందున్న మనిషి వీపు కూడా కనబడని చోట్లు ఉన్నాయి. మలుపు దగ్గర నిలబడ్డ స్వచ్ఛంద సేవకులు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నిలబడ్డారు.

మా సభ్యురాలి వయసు 63 ఏళ్లు. విశ్రాంత ఉపాధ్యాయురాలు. కిందటి ఏడాది మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. ఈ పందెం కోసం శీతకాలమంతా చీకట్లో, తలకు దీపం కట్టుకుని సాధన చేశారు. పైకి ఎక్కి, మలుపు తిరిగి, ఐదున్నర మైళ్లు దిగి, గీత దాటారు. ఆమె చేతి గడియారం ప్రకారం 1 గంట 57 నిమిషాలు పట్టింది. గీత అవతల దుప్పటి పట్టుకుని నిలబడ్డది నేనే. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతున్నది. జట్టు లెక్కకు ముగ్గురు మహిళలు కావాలి. మా క్లబ్బు తరఫున పరుగెత్తింది సరిగ్గా ముగ్గురే. మీ ఒక్క తప్పుతో మా మహిళల జట్టు మొత్తం పట్టికలోంచి మాయమైంది.

ఆ రాత్రే మీ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేశాను. 48 గంటల్లో పరిష్కరిస్తామని ఒక సంఖ్య పంపారు. నాలుగో రోజు "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు" అని సందేశం వచ్చింది. పట్టిక తెరిచి చూశాను. ఒక్క అక్షరం మారలేదు.

ఫోను చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. ఎత్తిన అమ్మాయి బిబ్ నంబరు, అంటే పందెంలో ఛాతీ మీద తగిలించుకునే నంబరు, అడిగింది, చెప్పాను. ఆ సభ్యురాలు స్వయంగా మాట్లాడాలన్నది. మర్నాడు ఆమె పక్కన కూర్చుని ఫోను చేయించాను. ఈసారి మరొకరు ఎత్తి, నమోదు చేసింది క్లబ్బు కాబట్టి కార్యదర్శే మాట్లాడాలన్నారు. నేను ఫోను అందుకునేలోగా లైను తెగింది. ఆమె ఫోను బల్ల మీద పెట్టి, "ఇక వదిలేద్దాం" అన్నారు. ఆ తుపానులో ఒక్క అడుగు వెనక్కి వేయని మనిషి చేత ఆ మాట అనిపించారు మీరు.

మూడోసారి మాట్లాడినవారు నిర్వాహకులను అడగమన్నారు. నిర్వాహకులు జీతం లేకుండా పని చేసే స్థానికులు. పట్టికను మార్చే అధికారం మీకే ఉందని, తాము కూడా మీకు రెండుసార్లు రాశామని చెప్పారు. నాలుగోసారి రుజువు అడిగారు. గీత దాటుతున్న ఫొటోలు మూడు, గడియారంలో నమోదైన దారి, గీత దగ్గర ఆమె చేతికి కాగితం అందించిన ఇద్దరి వాంగ్మూలం పంపాను. ఫొటోల పరిమాణం ఎక్కువైందని తిప్పి పంపారు. చిన్నవి చేసి పంపాను. జవాబు లేదు.

ఐదోసారి మాట్లాడిన అబ్బాయి నా ఇంటిపేరు చూసి, "మీరు తెలుగువారా అండీ?" అని అడిగాడు. ఐదు వారాల్లో నన్ను మనిషిగా పలకరించినవాడు అతనొక్కడే. అంతా ఓపికగా విన్నాడు. "మా పైవాళ్లతో మాట్లాడే వీలు మాకే ఉండదు సార్, రాసి మాత్రం పెడతాను" అన్నాడు. అతను రాసి పెట్టాడనే నమ్ముతున్నాను. అతని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. దయచేసి అతన్ని ఏమీ అనకండి.

రెండు రోజుల తర్వాత ఆమెకు మీ నుంచి ఉత్తరం వచ్చింది: "మీరు పందెం పూర్తి చేయలేకపోయినందుకు విచారిస్తున్నాం. వచ్చే ఏడాది మళ్లీ ప్రయత్నించండి. మీకు పది శాతం తగ్గింపు."

ఆ ఉత్తరం చదివాక నాకు నిద్ర పట్టలేదు. పట్టిక మళ్లీ తెరిచాను. పై మలుపు దగ్గర మీ మ్యాట్ ఆమెను నమోదు చేసింది: 1 గంట 4 నిమిషాలకు. ఆ తర్వాత ఖాళీ. అంటే మీ లెక్క ప్రకారం 63 ఏళ్ల మహిళ తుపానులో కొండ మీదికి చేరింది, కిందికి రాలేదు. మీరు మీ లెక్కను నమ్మి ఉంటే ఆ మధ్యాహ్నమే ఎవరో ఒకరు పరుగున వెళ్లి ఆమెను వెతకాలి. ఇక్కడి కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే బృందాల్లో ఉన్నది కూడా జీతం లేని స్వచ్ఛంద సేవకులే. ఒక్క మాట చెబితే ఎంత వానలోనైనా బయలుదేరతారు. మీరు ఎవరికీ ఆ మాట చెప్పలేదు. నమ్మకపోయి ఉంటే పట్టికను దిద్దాలి. అదీ చేయలేదు.

మూర్‌లాండ్ పందేల్లో మధ్యలో మానుకున్నవాళ్లు నిర్వాహకులకు చెప్పకుండా ఇంటికి పోకూడదని మేము కొత్త సభ్యులకు మొదటి రోజే నేర్పుతాం. ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో లెక్క తేలేదాకా ఎవరూ కదలరు. వెనకటి రోజుల్లో ఆ లెక్క వాన తట్టుకునే పెన్సిలుతో కాగితం మీద రాసేవారు. మా క్లబ్బు పెద్దలు కొందరికి ఆ పద్ధతి మీదే నమ్మకం. ఆరేళ్ల కిందట వాళ్లతో వాదించి మీ కంపెనీని తెచ్చింది నేను. ప్రతి జూన్‌లో మేము జరిపే పందెం పని మీకే ఇచ్చాం. పక్క ఊళ్ల రెండు క్లబ్బులకు మీ పేరు చెప్పాను. ఇప్పుడు ఆ పెద్దల ముఖం చూడలేకపోతున్నాను.

ఈ నెలాఖరులోగా ఆమె సమయం, మా జట్టు స్థానం పట్టికలో చేరాలి. లేకపోతే జూన్ పందెం మీకు ఇవ్వం. ఈ ఉత్తరాల కట్ట మొత్తం జిల్లాలోని ప్రతి క్లబ్బుకూ, పందేలకు అనుమతి ఇచ్చే సంస్థకూ పంపుతాను. అక్కడ నేను అడగబోయేది ఒక్క పందెం ఫలితం గురించి కాదు, మనుషుల ప్రాణాల లెక్క మీ చేతికి ఇవ్వవచ్చా అని.

ఆమెకు మీరు ఫోను చేయాలి. నాకు కాదు, ఆమెకు. నంబరు కోసం నాకు రాయనక్కరలేదు. నమోదు చేసేటప్పుడు అత్యవసరమైతే ఎవరికి చెప్పాలో రాయనిదే మీ వెబ్‌సైటు ముందుకు కదలదు. ఆ గడిలో ఆమె భర్త నంబరు ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఈ ఉత్తరం రాస్తున్న గంట దాకా ఆ నంబరుకు మీ నుంచి ఒక్క ఫోను రాలేదు.

ఇట్లు,
క్లబ్బు కార్యదర్శి