గండికోట దారిలో ఆగిన మామకు

మామా, ఆ గాబరాలో మీ పేరు కూడా అడగలేదు. జమ్మలమడుగు దాటి గండికోటకు పోయే దారిలో, పోయిన నెల, మిట్టమధ్యాహ్నం మా ట్రైలర్ చక్రం పట్టేసింది. ఏడాదిన్నరగా మాకు ఇల్లంటే ఆ ట్రైలరే. పొయ్యి, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ దాంట్లోనే. అది ఆగితే మేం ఇల్లు లేనివాళ్లమే.

"ఏమప్పా, పిల్లోళ్లను పెట్టుకోని ఈడ నిలబడినారు?" అంటా బండి ఆపినారు. చక్రం నడుమ ఉండే హబ్బు చెయ్యి పెట్టలేనంత కాలిపోతా ఉంది. గ్రీజు ఎండి బేరింగు పగిలిందని చూస్తానే చెప్పినారు. మీ ఇంటామెను పిలిపించి మా ఆవిడకు తోడుంచి, నన్ను మీ బండి మీద ప్రొద్దుటూరుకు తీసుకపోయినారు. చక్రానికి లోపలొకటి, బయటొకటి, రెండు బేరింగులూ, గ్రీజు కారకుండా ఆపే సీలూ కొనిపించినారు. బిగించేటప్పుడు చెప్పిన మాట నాకింకా గుర్తు: "చక్రం తిప్పుతా నట్టు బిగించు, మళ్లీ రవ్వంత వెనక్కి వదులు. బిగబడితే మళ్లీ కాలుతాది."

ఇప్పుడు ఆగిన ప్రతిచోటా హబ్బులు తాకి చూస్తున్నా. వానలో, వాగుల్లో నడిచినాక గ్రీజు మారుస్తున్నా. మాలాగా ట్రైలర్‌లో తిరిగే సంసారాలూ ఇది చెయ్యండి.

మామా, డబ్బులిస్తే కోపం చేసుకున్నారు. అత్త తెచ్చిన సంగటి, ఊరిబిండి పిల్లలు ఇప్పటికీ అడుగుతున్నారు. ఆమె స్టీలు గిన్నె మా దగ్గరే ఉండిపోయింది. సంక్రాంతికి ఆ దారినే వస్తాం, తెచ్చిస్తాం.