తాళం లేని తాళం

తిరుపతి,
ఆదివారం ఉదయం

ఒరేయ్ కోశాధికారీ,

నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలైంది. తిట్టు, పడతాను. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకటి అమ్మ మందుల చీటీల కింద దొరికింది, రెండోది ఇంకా దొరకలేదు. అమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, పాప ఇంటర్ రెండో ఏడు, మా ఆవిడ నిన్ను అడిగినట్టు రాయమంది, వాన వదలడం లేదు. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి. గురువారం రాత్రి నుంచి అది నా గొంతులోనే ఉంది. ఇంట్లో ఎవరికి చెప్పబోయినా ఏదో పని గుర్తొచ్చి లేచి వెళ్లిపోతున్నారు. నువ్వు లేచి వెళ్లలేవు కదా.

చిత్తూరు కట్టమంచిలో మా పాత ఇల్లు నీకు గుర్తుందిగా, నువ్వు దోమతెర వద్దని మేడ మీద పడుకుని తెల్లారేసరికి... సరే, అది వద్దు. ఆ ఇంటికే ఇప్పుడు మరమ్మతు. 2022లో జిల్లాలు విడిపోయాక నేను ఒక జిల్లా, ఇల్లు ఇంకో జిల్లా. ఖర్చు ముగ్గురు అన్నదమ్ములం సమానంగా పెట్టుకోవాలి, లెక్క మాత్రం నేను రాయాలి. యూనివర్సిటీ హాస్టల్లో నీ పక్కన కూర్చుని మెస్ లెక్కలు రాసినవాణ్ణని మావాళ్లకు గొప్ప నమ్మకం. లెక్క కుదరని ఆ ఆరున్నర రూపాయల సంగతి వాళ్లకు చెప్పలేదు. చెప్పను కూడా.

చిన్న తమ్ముడు ఈ ఆదివారం వచ్చి లెక్కలు చూద్దామన్నాడు. ‘చూద్దాం’ అనే మాట వాడు ఎలా పలుకుతాడో నీకు తెలుసు. అందుకే గురువారం భోజనం కాగానే బిస్కెట్ల డబ్బా దించాను. నెల రోజుల చీటీలు అందులోనే. సిమెంటు బస్తాలు, ట్రాక్టరు ఇసుక, సెంట్రింగు అద్దె, కూలీలు. మా మేస్త్రీ సిగరెట్టు పెట్టె అట్ట మీద తప్ప రాయడు. ఒక అట్ట మీద ‘ముందు చెప్పినదే’ అని మాత్రం ఉంది, అంకె లేదు.

నువ్వు అంటగట్టిన లెక్కల ప్రోగ్రాము గ్నూక్యాష్ తెరిచాను. తెరవగానే అది ఏదో అడిగింది, నాలుగు వరుసలు. చదవలేదు. ఎలాగైనా తెరువు అనే అర్థం వచ్చే బటన్ కనిపించింది, నొక్కేశాను. ఈ ముక్క గుర్తుపెట్టుకో, మళ్లీ ఇక్కడికే వస్తాను.

రెండున్నర గంటలు, ఎనభై మూడు చీటీలు. చివరి చీటీ ఎక్కించి కంట్రోల్, ఎస్ నొక్కాను. రాయడం కుదరలేదంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. కిటికీ పైన ఫైలు పేరు ముందు చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది చూడు, సేవ్ కాలేదని చెప్పేది, అది అలాగే నన్ను చూస్తూ ఉంది. జాతకంలో నక్షత్రం బాగాలేదంటే ఇదే కాబోలు.

డిస్కు నిండిందేమో అనుకున్నాను. నలభై జీబీ ఖాళీ. డాక్యుమెంట్స్‌లోనే కొత్త ఫోల్డరు చేసి, వేరే పేరుతో దాచబోయాను. ఊహూఁ. అప్పుడు నువ్వు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది: ఫైలు తెరిచి ఉన్నంతసేపు పక్కనే ఎల్‌సీకే అనే చివరతో ఒక తాళం ఫైలు ఉంటుంది, కంప్యూటర్ అర్ధాంతరంగా ఆగిపోతే అది మిగిలిపోయి తర్వాత అడ్డం పడుతుంది, ఇంకెక్కడా తెరిచి లేదని చూసుకుని చెరిపేయవచ్చు అని. దొంగ దొరికాడనుకుని వెతికాను. ఆ ఫోల్డర్లో తాళమే లేదు! నేనెంత తెలివిగలవాణ్ణంటే, ‘హమ్మయ్య, తాళం గొడవ కాదు’ అనుకున్నాను. తెరిచి ఉన్న ఫైలుకు తాళం ఎందుకు లేదని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ నీకు తెలుసు, మన వార్డెన్ గారి ఓపికంత. పద్నాలుగు శాతం చూపిస్తోంది. నేను ఫోను తీసి తెర మీది పద్దులన్నీ ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. చీకట్లో ఫ్లాష్ పడుతూ ఉంటే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, ‘ఎవరి పెళ్లి?’ అంది. జవాబు చెప్పే స్థితిలో లేను. ఇరవై ఏడు ఫొటోలు, పన్నెండింటిలో నా బొటనవేలు.

పాప నిద్రకళ్లతో వచ్చి, ‘నాన్నా, పెన్‌డ్రైవ్‌లో వేసి చూడొచ్చు కదా’ అంది. వేశాను. నక్షత్రం మాయమైంది. తొమ్మిది శాతం! ఆ పిల్లకు ఏం కావాలంటే అది కొనిస్తానన్నాను. పొద్దున్నే స్కూటీ అంది. అది వేరే ఉత్తరం.

పెన్‌డ్రైవ్‌లో అయింది, డాక్యుమెంట్స్‌లో కాలేదు. ఎందుకు? శుక్రవారం ఆఫీసుకు సెలవు పెట్టాను (జ్వరమని చెప్పాను, నువ్వు కూడా అదే చెప్పు). నోట్‌ప్యాడ్‌లో ‘అ ఆ’ అని రాసి అదే ఫోల్డర్లో దాచాను, హాయిగా దాచుకుంది. అంటే డిస్కు మంచిదే, ఫోల్డరు మంచిదే, ఎవరో గుమ్మంలో నిలబడి ఈ ఒక్క ప్రోగ్రామునే ఆపుతున్నారు. పాత ఫైలు మళ్లీ తెరిచాను. ఈసారి ఆ నాలుగు వరుసలు చదివాను. తాళం వేయలేకపోయాను, ఆ ఫోల్డర్లో రాయడానికి నీకు అనుమతి లేకపోవచ్చు, లేదా యాంటీవైరస్ అడ్డుపడుతూ ఉండవచ్చు అని ఉంది! రోగం పేరు గుమ్మంలోనే చెప్పింది, నేను వినకుండా లోపలికి తోసుకొచ్చాను.

మా బావమరిది కొడుక్కు ఫోను చేశాను. ‘అవును మామయ్యా, దీపావళికి వచ్చినప్పుడు నేనే ఆన్ చేశాను’ అన్నాడు తాపీగా. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌లు ఉన్నాయి కదా, వాటికి కాపలా. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అంటారట, 2017లో విండోస్ 10లోకి వచ్చిందట, మనం ఆన్ చేస్తే తప్ప ఊరికే ఉంటుందట. తనకు తెలియని ప్రోగ్రాము ఏదైనా డాక్యుమెంట్స్‌లో రాయబోతే ఆపేస్తుంది. ఆపిన ప్రతిసారీ కుడివైపు మూలన చిన్న చీటీ చూపిస్తుంది కూడా. చూపించింది. నేనే ఈగను తోలినట్టు తోలేశాను. పిల్లవాణ్ణి తిట్టలేదు, వాడు చేసింది మంచిపనే. నాకు చెప్పకపోవడమే... చెప్పాడేమో కూడా, నేను అరిసెలు తింటూ ఉండి ఉంటాను.

విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, ఇటీవల ఆపినవాటి జాబితాలో గ్నూక్యాష్‌ను చూపించి, వీడు మనవాడే అని చెప్పాను. కాపలా తీసేయలేదు. అంతే, రెండు నిమిషాలు. పెన్‌డ్రైవ్ ఫైలును మళ్లీ డాక్యుమెంట్స్‌లోకి దాచాను. పాత ఫైలుకు పేరు మార్చాను, లేకపోతే సగం పద్దులు ఒకదాంట్లో, సగం ఇంకోదాంట్లో ఎక్కించే ఘనుణ్ణి నేను.

నువ్వూ ఒకటి చూసుకో. సేవ్ చేసినప్పుడల్లా గ్నూక్యాష్ పాత ఫైలుకు తేదీ, సమయంతో ఒక నకలు పక్కన పెడుతుంది కదా, వాటిని 30 రోజులకే చెరిపేస్తుంది. నాలాగా నెలకొకసారి తెరిచేవాడికి అది ఏ మూలకు? ప్రిఫరెన్సెస్‌లో ఎప్పటికీ ఉంచమని మార్చాను. పైగా ఆ నకళ్లు కూడా అదే ఫోల్డర్లో ఉంటాయి, గుమ్మం మూస్తే అన్నీ లోపలే. అందుకే పెన్‌డ్రైవ్ నకలు అలాగే ఉంచాను, బియ్యం డబ్బా వెనక.

ఇంకో మాట, జత కుదరని మొత్తాలు గ్నూక్యాష్ ‘ఇంబ్యాలెన్స్’ అనే ఖాతాలో పడేస్తుంది. ఈ ప్రోగ్రాము మొదటి పూర్తి రూపం 1998లోనే వచ్చిందట. అంటే మనం హాస్టల్ ఖాళీ చేసిన ఏడే. ఒక్క రెండేళ్ల ముందు వచ్చి ఉంటే ఆ ఆరున్నర అందులో పడేసి నువ్వు మర్యాదగా పదవి దిగేవాడివి. నా ఇంబ్యాలెన్స్ ఖాతాలో ఇప్పుడు 650 ఉంది. నవ్వకు. అది ‘ముందు చెప్పినదే’ అట్టకు సంబంధించిందని నా అనుమానం, మేస్త్రీ ఫోను ఎత్తడం లేదు, తమ్ముడు వచ్చేలోగా ఎలాగైనా...

గేటు చప్పుడైంది. వాడే. చేతిలో కాలిక్యులేటర్ కూడా ఉన్నట్టుంది. మీ నాన్నగారి కంటి ఆపరేషను గురించి అడగాలనుకున్నాను, రేపు ఫోను చేస్తాను, నిజంగా చేస్తాను.

నీ గుమాస్తా